అంగుళం చొప్పున నేల

నేల విడిచి సాము చేయొద్దంటారు.
అందుకే ఈ ఆదివారం
నేల బేరానికి కూర్చున్నాం,
గజాల లెక్కన కాదు,
అంగుళానికో గడి.

సత్యనారాయణపురంలో మా మేడమీద గది.
అట్టలు ఎగురుతున్నాయని ఫ్యాను కట్టేశాం.
ఇరవై ముఖాల పాచిక
టీ గ్లాసు పక్కన చెమటలు కక్కుతోంది.

సలోమి ఫోనులో చూపిస్తున్న పెట్టె
సముద్రం దాటి రావాలి.
అందులో రాతిగోడకి నాచు కూడా పట్టించి పంపుతారట,
తలుపులు తెరుచుకుంటాయట.
కస్టమ్స్ కలిపితే నా జీతంలో సగం
ఆ తలుపుల్లోంచే నడిచిపోతుంది.
"ఊరికే చూడు, కొనమన్నానా" అంటుంది,
వేలు మాత్రం ధర మీద పెట్టి దాచి.

జిలానీ మాట్లాడకుండా సంచీ బోర్లించాడు.
ఏలూరు రోడ్డులో వాళ్ళ ప్లైవుడ్ షాపువి,
పోయినేడాది సన్మైకా శాంపిళ్ళు.
అరచేతంత ముక్కలు,
మూలన గొలుసుకి గుచ్చిన చిల్లు.
టేకు గీతలది సత్రం.
నల్ల గ్రానైటుది నేలమాళిగ.
తళుకు చుక్కల గులాబీ ముక్క
ఎవరి వంటింటి కోసం పుట్టి మిగిలిపోయిందో,
"ఇది మంత్రగత్తె పడగ్గది" అని
పేరయ్య తేల్చేశాక
ఇంకెవరూ నోరెత్తలేదు.

నేను శుభలేఖల దుకాణంలో చేస్తాను.
వరుడి ఇంటిపేరు తప్పుపడి వెనక్కొచ్చిన అట్టలు
మూడొందలున్నాయి నా దగ్గర.
వెనకవైపు తెలుపు. పెన్సిలు పెడితే అడవి.
తిరగేస్తే మాత్రం ఎవరిదో ముహూర్తం,
తెల్లవారుజామున రెండూ పద్నాలుగుకి.

ఏది ఎంచుకున్నా పరీక్ష ఒకటే.
ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టినా
దారి తెగకూడదు.
సగం గుమ్మం ఇటుంటే
మిగతా సగం అటు దొరకాలి.
ఇది మాకొకరు నేర్పాలా?
మూడు కాలువలు, లెక్కలేనన్ని రైలుపట్టాలు,
ఎదురుగా కనిపించే వీధికి పోవాలన్నా
ముందు వంతెన ఎక్కడుందో వెతుక్కునే జాతి మాది.

చివరికి ఏరు దగ్గర ఆగాం.
పదకొండు ముక్కలు చేశాను ఏటికి,
రెండేసి అట్టలు వీపుకి వీపు అంటించి.
ముహూర్తాలు లోపల ఊపిరాడక పడుకున్నాయి.
ఒకవైపు పొలం, ఒకవైపు నీళ్ళు,
పొదుపుగా ఉంటుందని.

పేరయ్య ఒకటి తీసి తిప్పాడు.
పొలం.
నీళ్ళు.
పొలం.
నీళ్ళు.

వాడిది సింగ్ నగర్.
బుడమేరు ఇంట్లోకొచ్చిన రోజు
మంచం మీద బల్ల, బల్ల మీద కుట్టుమిషను,
మిషను మీద రేషను కార్డు,
దానిపైన ఇంకేం పెట్టారో
మేమెప్పుడూ అడగలేదు.

"నీళ్ళు తీసెయ్యనా?" అన్నాను.

"ఉండనీ అక్కా. గట్టు గియ్యి.
ఎక్కడ ఆగాలో వాటికీ తెలియాలిగా."

గీశాను. పదకొండిటికీ, నాలుగంచులా.
అయినా వాడి వేలు
గట్టు మీద ఒకసారి నడిచి చూసుకుంది.

సలోమి ఫోను బోర్లా పెట్టేసింది.
సన్మైకా, అట్టా కలిపేద్దామనుకున్నాం.
కలిపితే తేలింది ఇబ్బంది:
అది పలచన, ఇది మందం,
సత్రానికీ ఏటిగట్టుకీ నడుమ
గోరంత మెట్టు.
కింద పేపరు మడిచి పెట్టి సరిచేయబోయాడు జిలానీ.

ఈలోపే పేరయ్య
తన బొమ్మని, అదే, చొక్కా గుండీకి అతికించిన చదరంగం బంటుని,
సరిగ్గా ఆ మెట్టు మీద నిలబెట్టి
చెయ్యి తీసేశాడు.

జిలానీ పేపరు జేబులో పెట్టుకున్నాడు.

ఎవరో ఫ్యాను వేశారు.
అడవి కొంచెం లేచి పక్కకి జరిగింది.
ఏరు మాత్రం
ఉన్నచోటే ఉంది.